ఫ్లాస్కులో అండాశయాలు, వెనక సీట్లో నేను

మొన్న పొద్దున నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, మేడమ్ పోయారని చెప్పింది. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఎన్నిసార్లు లేచానో. చూసి ఉంటే ఆవిడ సంతోషించేవారు. నిలకడగా కూర్చునే మనుషులంటే ఆవిడకు నమ్మకం తక్కువ.

పుదుచ్చేరిలో నేను పశువైద్యంలో పీజీ చేస్తున్నప్పుడు ఆవిడ నా గైడు. ముదలియార్‌పేటలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్లది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఆవిడకు తెలుగు చదవడం మాత్రం రాదు. ఇది ఆవిడ ఉండగా రాసి ఉంటే నేనే చదివి వినిపించాల్సి వచ్చేది, రెండో పేరాకల్లా ఆవిడ లేచి వెళ్లిపోయేవారు.

మేకల అండాశయాల్లోని గుడ్లను ల్యాబ్‌లో పండించడం, అంటే పిండం కట్టడానికి సిద్ధం చేయడం, మా పని. తెల్లారగానే కబేళాకు వెళ్లి, కోసిన మేకల అండాశయాలను గోరువెచ్చని ఉప్పునీళ్ల ఫ్లాస్కులో వేసుకుని ఆవిడ స్కూటీ వెనక కూర్చునేదాన్ని. యానాం నుంచి వచ్చిన నాకు ఆ ఊరి మలుపులన్నీ ఫ్లాస్కును పొట్టకు అదుముకునే తెలిశాయి. దారిలో ఎవరైనా పలకరిస్తే హారన్‌తోనే జవాబు. "సీక్రం పాపా, సల్లారిపోతాది," అని నన్ను తొందరపెట్టేవారు, బండి నడిపేది తానే అయినా.

అంత పరుగు పెట్టినా నా గుడ్లు పండలేదు. గుడ్లను ఉంచే మీడియం ద్రవం మార్చాను, ఇంక్యుబేటర్‌ను అనుమానించాను. ఆ ఏడాది పండకపోతే డిగ్రీ లేకుండా యానాం బస్సెక్కడమే. మా ల్యాబ్‌లో అందరం అండాశయానికి బ్లేడుతో గాట్లు పెట్టి, రాలిందంతా పళ్లెంలోకి తీసుకునేవాళ్లం. పళ్లెం నిండితే నాకు ధైర్యం, ఆవిడకు అనుమానం. ఒకరోజు నా చేతిలోని బ్లేడు లాక్కుని, అండాశయాలను లైటు కింద తిప్పి చూపించారు. వాటి మీద నీటి బుడగల్లాంటి ఫాలికల్స్. గుడ్డు పెరిగేది వాటిలోనే. కొన్ని నిండుగా, తేటగా ఉన్నాయి. కొన్ని మసకబారి వడిలిపోయాయి. తేటవాటి నుంచే, సూదితో ఒక్కొక్కటిగా తీయమన్నారు. అలా తీసిన గుడ్ల చుట్టూ కణాల పొరలు దట్టంగా ఉన్నాయి. వడిలినవాటిలోంచి వచ్చేవి ఆ పొరల్లేని, పండని బోడి గుడ్లు.

కానీ ఎంతసేపు తీసినా పళ్లెం బోసిగానే ఉంది. ఇన్నేనా అని పరీక్షకులు అడుగుతారని ఏడుపు మొహం పెట్టాను.

"అది పెరిగిన తావే బాగలేకుంటే మన పెట్టెలో పెట్టి ఏంది లాభం? కొంచమే రానీ, మంచివి రానీ," అన్నారు. ఇప్పుడు నా విద్యార్థులకు నేనూ ఇదే చెబుతాను. ఆవిడ చెప్పినట్టు చెప్పడం నా వల్ల కాదు.

ఇంక్యుబేటర్‌లో పెట్టాక మర్నాటిదాకా గుడ్లను కదపకూడదు. ఆ రోజంతా ఆవిడ వరండాలో తిరుగుతూనే ఉన్నారు. తలుపు తీయొద్దని నన్ను హెచ్చరించి, తానే హ్యాండిల్ మీద చెయ్యేసి వెనక్కి తీసుకునేవారు.

మర్నాడు గుడ్ల చుట్టూ ఉన్న పొర తీసి, మైక్రోస్కోపులో మొదట ఆవిడే చూశారు. గుడ్డు పండితే దాని అంచున చిన్న చుక్క ఒకటి బయటికి వస్తుంది. ఆవిడ లేచారు. మళ్లీ కూర్చుని చూశారు.

"పండినాయి పాపా. నువ్వు చూడు," అంటూ నన్ను కుర్చీలోకి తోశారు.

కన్ను ఆనించాను. నీళ్లు తిరిగి నాకేమీ కనబడలేదు. నా తల వెనకే నిలబడి ఆవిడ, "కనబడతా ఉందా? యాడ ఉందో కనబడతా ఉందా?" అని అడుగుతూనే ఉన్నారు.