పది అడుగుల అబద్ధం

మా బావ గుండెజబ్బు పింఛను అప్పీలు రాసిన మేధావిని నేనే. రాయగడ బజారులో నాలా బేరమాడేవాడు లేడని అప్పట్లో నా నమ్మకం. బావ ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేశాడు. డ్యూటీలో ఉండగానే గుండెపోటు వచ్చింది. "ఈ జబ్బుకి కొలువుతో సంబంధం లేదు" అని పింఛను ఆఫీసువాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు.

"ఒక అంతస్తు ఎక్కితే ఆయాసమొస్తాది. అదే రాయి" అన్నాడు బావ.

"నీకేటి తెలుసు బావా? వంద రావాలంటే రెండొందలు సెప్పాల. ఆళ్లెలాగూ తగ్గిస్తారు" అని, పది అడుగులు కూడా నడవలేడని రాసేశాను.

అప్పీలు చూసి పిలిచిన మెడికల్ బోర్డు మూడో అంతస్తులో. లిఫ్టు పాడైంది. ఆగుదామంటే బావ వినలేదు. "పదింటికి రమ్మన్నారురా" అంటూ మెట్లెక్కాడు. ప్రతి మలుపులోనూ గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ ఎక్కాడు. పై వరండాలోంచి అంతా చూసిన డాక్టరు ఆ చెమటను లెక్కచేయలేదు. "పది అడుగులు నడవలేనివాడివి నువ్వేనా?" అని దొంగనోటును చూసినట్టు చూశాడు. బావ తల దించుకున్నాడు.

అప్పీలు కొట్టేశారు. తిరిగొచ్చే బస్సులో బావ ఒక్కమాటే అన్నాడు. "నిజం రాసుంటే ఆ మెట్లే సాక్ష్యం సెప్పేవి కదరా."

బస్సుకి, జెరాక్సులకి, భోజనాలకి అయిన పద్దెనిమిది వందలు నావి. పోయిన పింఛను బావది. ఇరవై రెండేళ్లలో ఎవరూ అనుమానించని మాట కూడా ఆయనదే, పోగొట్టింది మాత్రం నేను.