ఎటక్కా, ఎప్పుడూ ఊడిపోయే ఆవిడ లేసూ

ఎటక్కకి ఒకటే జబ్బు. దారి అడక్కుండా పది అడుగులు వేయలేదు. దారి తెలియక అడిగేవాళ్ళు లోకంలో కోకొల్లలు. తెలిసీ అడిగేది మా ఎటక్క ఒక్కతే. కళ్ళెదురుగా ఉన్న గుమ్మం ఎక్కాలన్నా, పక్కన పోయే మనిషిని ఆపి "ఏమండీ, ఎటు వెళ్ళాలి?" అని అడిగితే గాని ఆవిడకి కాలు ముందుకు పడదు. అందుకే ఆవిడ చేతిలో పడ్డ కుర్రాళ్ళమంతా కలిసి ఎటక్క అని పేరు పెట్టాం. అసలు పేరు పాస్‌పోర్టులో ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

మా యూనివర్సిటీ వాళ్ళు నన్ను ఒక్క సెమిస్టరు చదువుకని పరాయి దేశం పంపినప్పుడు, స్టేషనుకి వచ్చి నన్ను దించుకున్నది ఈవిడే. మా యూనివర్సిటీ మనిషే. మూడేళ్ళ ముందు నాలాగే ఒక్క సెమిస్టరుకని వచ్చి, తర్వాత పరిశోధన పేరుతో అక్కడే పాతుకుపోయింది. ఆ సంగతి నాకప్పటికి తెలియదు. చలికి ఎర్రబడ్డ ముక్కు, భుజాన బస్తా అంత సంచీ, కాళ్ళకి గోధుమరంగు బూట్లు. చూడగానే "నువ్వేనా మనవాడివి? పద, హాస్టలు దగ్గరే" అంది.

"ఎంత దూరం అక్కా?"

"రెండొందల అడుగులు."

ఆ రెండొందల అడుగులకీ ఐదుగురిని దారి అడిగింది. కూలీని అడిగింది. పూలమ్మే ఆవిడని అడిగింది. కుక్కని తిప్పుకుంటున్న పెద్దమనిషిని అడిగింది. రోడ్డు ఊడుస్తున్నతన్ని చీపురు ఆపించి మరీ అడిగింది. చివరికి హాస్టలు మెట్లెక్కి, తలుపు తీసిన వార్డెన్‌నే పట్టుకుని "హాస్టలు ఎటండీ?" అంది. ఆ మహానుభావుడు కూడా నవ్వకుండా పక్కకి జరిగి, "ఇటు తల్లీ" అని లోపలికి చూపించాడు. పాపం, ఈవిడా నాలాగే నిన్నో మొన్నో దిగినట్టుందని జాలిపడ్డాను. మూడేళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉందని మర్నాడు తెలిసి నోరెళ్ళబెట్టాను.

నిజానికి ఆ రోజుల్లో నా నోటికి అంతకుమించి పని ఉండేది కాదు. వాళ్ళ భాష నేను ఇంటి దగ్గర రెండేళ్ళు సాయంత్రం క్లాసులకెళ్ళి నేర్చుకున్నాను. రాతపరీక్షలో నేనే ఫస్టు. లావుపాటి పుస్తకాలు కూడా అవలీలగా చదివేస్తాను. కానీ ఎదురుగా మనిషి నిలబడి "ఏం కావాలి?" అన్నాడా, రెండేళ్ళ చదువూ గొంతుకి అడ్డం పడి నీళ్ళు నమిలేవాణ్ణి. హాస్టల్లో బిస్కెట్ల మెషీను ఒకటుండేది. అది ఎవరినీ ఏమీ అడగదు. అందుకని మూడు వారాలు దాని మీదే బతికాను. ఒకరోజు క్షవరానికి వెళ్తే మంగలి ఏదో అడిగాడు. తల ఊపాను. ఇంకేదో అడిగాడు. మళ్ళీ ఊపాను. బయటికొచ్చేసరికి ఊపడానికి తలైతే మిగిలింది గాని, దాని మీద వెంట్రుక మిగల్లేదు.

నవ్వుకుని ఊరుకునే వ్యవహారమైతే బాగుండేది. సెమిస్టరు చివర ఒక నోటి పరీక్ష ఉంది. ముగ్గురు ప్రొఫెసర్ల ముందు కూర్చుని పదిహేను నిమిషాలు వాళ్ళ భాషలో మాట్లాడాలి. అది తప్పితే మిగతా పరీక్షలు ఎంత బాగా రాసినా మా యూనివర్సిటీలో చెల్లవు. ఏడాదంతా గంగపాలు. ఆ పరీక్ష తలుచుకుంటే నాకు తిన్న బిస్కెట్లు కూడా అరిగేవి కావు.

నా గుండు చూసి ఎటక్క పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వే చెప్పి చేయించుకున్నావా?"

"ఊఁ."

"నిజం చెప్పు."

"వాడేం అడిగాడో అర్థమైందక్కా. వద్దని చెప్పడానికే నోరు రాలేదు."

ఆవిడ నా తల వంక కాసేపు చూసింది. "సరే, రేపట్నించి కాలేజీకి నాతో రా. నాకు దారులు గుర్తుండవు. తోడుంటే కాస్త ధైర్యం" అంది. తన లోపం తనే అంత నిజాయితీగా ఒప్పుకుంటుంటే నేనెలా కాదంటాను?

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పార్కు మూల బెంచీ మీద ఒక ముసలాయన కూర్చునేవాడు. నలభయ్యేళ్ళు అదే ఊళ్ళో బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు తన బస్సు లేదు కాబట్టి, ఇతరుల బస్సులు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాయో చూస్తూ బాధపడేవాడు. ఎటక్క సరిగ్గా ఆయన ముందుకొచ్చి ఆగింది.

"అయ్యో, లేసు ఊడింది. లైబ్రరీ ఎటో నువ్వడుగు" అని గబుక్కున కిందికి వంగిపోయింది.

"లైబ్రరీ అదిగో అక్కా, రోడ్డవతల!"

"అదేనని ఏంటి గ్యారంటీ?"

"బోర్డుంది."

"బోర్డు పాతదేమో. అడుగు."

ముసలాయన నావైపే చూస్తున్నాడు. పారిపోదామంటే ఎటక్క దారికి అడ్డంగా వంగి ఉంది. మా పాఠ్యపుస్తకంలో పదకొండో పాఠంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పేశాను. మన భాషలో అయితే అది ఇలా ఉంటుంది: "ఆర్యా! గ్రంథాలయమునకు బోవు మార్గమెయ్యది?"

ఆయన చటుక్కున లేచి టోపీ తీశాడు. "నా పెళ్ళినాడు కూడా నాకింత మర్యాద జరగలేదు బాబూ" అని, దారి చెప్పడం మొదలుపెట్టాడు. రోడ్డవతల ఉన్న లైబ్రరీకి ఆయన చెప్పిన దారిలో రెండు వంతెనలు, ఒక రైలు గేటు, పదిహేడో నంబరు బస్సు ఉన్నాయి. పైగా మేం సరిగ్గా వెళ్తున్నామో లేదో అని నిలబడి చూస్తున్నాడు. మొహమాటానికి పోయి మొదటి వంతెన దాకా నడిచాం. ఆ రోజు మొదటి క్లాసు పోయింది.

అది మొదలు ఆ లేసు ఊడని రోజు లేదు. రొట్టెల కొట్టు ముందు ఊడేది. ఉత్తరాలు పంచే ఆవిడ సైకిలు దిగగానే ఊడేది. ఎటక్క వంగేది, నేను ఇరుక్కునేవాణ్ణి. రొట్టెల కొట్టావిడని దారి అడిగితే తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పేది. మర్యాదకని మోకాళ్ళ గురించి అడిగితే అల్లుడి గురించి చెప్పేది. అల్లుడి గురించి నేను పొరపాటున కూడా అడగలేదు, అయినా ఆవిడే చెప్పేది. రెండో వారానికల్లా నన్ను చూడగానే "యూనివర్సిటీ ఎడమకే బాబూ. ముందు ఇది తిను, బక్కచిక్కిపోయావు" అని వేడి రొట్టె చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. బిస్కెట్ల మెషీనుకీ నాకూ అప్పుడే తెగిపోయింది.

ఒకసారైతే పోలీసు స్టేషను గుమ్మంలో లేసు ఊడింది. పోలీసు స్టేషను ఎటో అక్కడున్న పోలీసునే అడగమంది. అడిగాను. ఆయన నన్ను లోపల కూర్చోబెట్టి, కాగితం తీసి, "ఏం పోయింది?" అన్నాడు. నా పరువు పోయిందని చెప్పేంత భాష ఇంకా రాలేదు. కంగారులో గొడుగన్నాను. లేని గొడుగుకి రంగూ పొడుగూ పిడీ వర్ణించి సంతకం పెట్టి బయటపడ్డాను. వారానికల్లా అచ్చం అలాంటి గొడుగే దొరికిందని కబురొచ్చింది! అది నాది కాదని, అసలు నాకు గొడుగే లేదని ఒప్పించేసరికి అరగంట పట్టింది. అరగంట ఏకధాటిగా నేనే మాట్లాడానన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

పరీక్ష మూడు వారాల్లోకి వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది.

"నీ పిచ్చికి నన్నెందుకక్కా బలిచేస్తావు? కొత్త లేసు నేను కొనిస్తాను. నన్నొదిలెయ్. గదిలో కూర్చుని మాట్లాడ్డం ప్రాక్టీసు చేసుకోవాలి."

"గదిలో ఎవరితో మాట్లాడతావు?"

"గోడతో."

"గోడ దారి చెబుతుందా?"

అసలు ఈవిడ ఏం చదివి ఇక్కడిదాకా వచ్చిందా అని అనుమానమొచ్చి, "ఇంతకీ నీ పరిశోధన దేని మీద?" అని అడిగాను. "ఏదోలే, తిరుగుడు పని" అంది. నిజమే అనుకుని, మొహం మాడ్చుకుని మళ్ళీ ఆవిడ వెంటే నడిచాను.

పరీక్ష రోజు పదింటికి ముప్పావుగంట ముందే డిపార్టుమెంటుకి చేరాను. తలుపుకి కాగితం అంటించి ఉంది. రాత్రి నీళ్ళ గొట్టం పగిలిందట. పరీక్షలు పాత మిల్లు వెనక భవనానికి మార్చారట. ఆ పేరే నేను వినలేదు. మూడు నెలల్లో ఊరంతా అడిగాను గాని, మిల్లు మాత్రం అడగలేదు. ఎటక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, పాత మిల్లు ఎటు?"

"ఏమోరా. నాకు దారులు తెలియవు కదా."

"వేళాకోళం కాదక్కా! నలభై నిమిషాలే ఉంది!"

"నలభై నిమిషాలా? ఎనిమిది మందిని అడగొచ్చు" అని ఫోను పెట్టేసింది.

ఒళ్ళు మండిపోయింది. ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పరిగెత్తాను. ఉత్తరాలు పంచే ఆవిడ కనబడితే అడిగాను. "మిల్లా? నది దాటాలి. బస్సు తాతనడుగు" అంది. తాత బెంచీ మీదే ఉన్నాడు. "నలభై రెండో నంబరు. అబ్బే, ఈ టైముకి అది రాదు. ఉండు, నేనూ వస్తా" అని నాతో వేరే బస్సెక్కాడు. ఎక్కి, డ్రైవరు పక్కన నిలబడి, గేరెప్పుడు మార్చాలో కూడా చెబుతూ నది దాటించాడు. అక్కణ్ణించి పరుగే. నిచ్చెన మీద రంగులేసేవాణ్ణి అడిగాను. పిల్లని ఎత్తుకున్న ఆవిణ్ణి అడిగాను. ఎవరినీ ఆర్యా అనలేదు. "అన్నా, మిల్లెటు?" "అమ్మా, ఇటేనా?" అంతే. రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి పరీక్ష గదిలో పడ్డాను.

ముగ్గురూ ఉన్నారు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసరమ్మ గడియారం చూసి, "ఎందుకు ఆలస్యం?" అంది.

ఇక చూడండి! గొట్టం దగ్గర మొదలుపెట్టాను. ఎటక్క ఫోను పెట్టేయడం, తాత గేర్లు, నిచ్చెన మీదివాడు, సందర్భం వచ్చిందని రొట్టెల కొట్టావిడ మోకాళ్ళు, పోలీసులూ, గొడుగూ, అన్నీ ఏకరువు పెట్టాను. ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇక ఆపు" అంది ప్రొఫెసరమ్మ. "పదిహేను నిమిషాలైంది."

కుర్చీలోంచి సగం లేచాను. "ప్రశ్నలింకా అడగలేదు కదండీ?"

"అడిగాం కదా, ఎందుకు ఆలస్యమని. పాసయ్యావు, పో. ఇంతకీ మీ అక్కకి దారులు తెలియవా?"

"అస్సలు తెలియవండీ. మూడేళ్ళైనా హాస్టలుకి కూడా అడిగే వెళ్తుంది."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని ఒక్కసారిగా నవ్వారు. కొత్తగా వచ్చిన విద్యార్థులకి ఇచ్చే ఊరి మ్యాపు, సందుగొందులతో సహా ఉన్నది, గోడకి వేలాడుతోంది. అలాంటిదే నా జేబులోనూ మూడు నెలలుగా మడత విప్పకుండా నలుగుతోంది, పొద్దున ఆ కంగారులో గుర్తే రాలేదు. ప్రొఫెసరమ్మ దాన్ని చూపించి, "ఇది గీసింది మీ అక్కే. ఈ ఊరి వీధుల మీదే ఆవిడ పరిశోధన. మేం దారి తప్పితే ఆవిడకే ఫోన్ చేస్తాం" అంది.

తిన్నగా ఎటక్క గదికి పోయాను. తిట్టాలో, కాళ్ళ మీద పడాలో తేల్చుకోలేదు. తలుపు బయట ఆవిడ బూట్లున్నాయి. ఆ ఊళ్ళో ఆవిడకున్న జత అదొక్కటే, ఆ గోధుమరంగువే. మూడు నెలలు పక్కన నడిచినా వాటిని అప్పుడే సరిగ్గా చూశాను. జిప్పు బూట్లు. లేసు సరే, లేసు దూర్చడానికి కన్నం కూడా లేదు. ఆవిడ వంగిన ప్రతిసారీ నేను ఎదుటి మనిషి మొహం చూసి వణకడంలో ఉన్నాను గాని, కిందికెప్పుడు చూశాను కనక!

తలుపు తీసింది.

"అక్కా, లేసేదీ?"

"ఊడిపోయింది."

"ఎప్పుడు?"

"కొన్నప్పుడే. పాసయ్యావా?" అంది.

"అయ్యాను."

"నేను మొదటిసారి తప్పాన్రా. పదిహేను నిమిషాలూ వాళ్ళు పెట్టిన మంచినీళ్ళు తాగి వచ్చాను. మాట్లాడు మాట్లాడు అని అందరూ అంటుంటే ఉన్న నోరు కూడా మూసుకుపోయేది. దారి అడగడానికైతే ఏముంది, ఎవర్నైనా అడగొచ్చు. బస్సు తాతతో మొదలుపెట్టా. అలవాటైపోయింది. ఇప్పుడు ఒక్కరోజు అడక్కపోతే ఆయన మర్నాడు అలుగుతాడు."

మూడు నెలల తర్వాత మళ్ళీ నా నోట మాట రాలేదు. ఈసారి సొంత భాషలోనే రాలేదు. ఆవిడ నా గుండు మీద కొత్తగా మొలిచిన జుట్టుని చెదరగొట్టి, "సర్లే, రొట్టెల కొట్టుకి పద. ఎటో అడుగుదాం" అంది. ఇవాళ నేను నలుగురి ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే. ఆ మాట ఆవిడకి చెప్పబోతే ఎప్పుడూ వినిపించుకోలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

తిరుగు ప్రయాణం రోజు స్టేషనుకి వచ్చింది. నన్ను రైలెక్కించి సామాను సర్దిందో లేదో, అవతలి ప్లాట్‌ఫారం మీద ఇంకో రైలు ఆగింది. మా యూనివర్సిటీ నుంచి కొత్త సెమిస్టరుకని వచ్చిన అమ్మాయొకతె దిగింది. చేతిలో పెట్టె, మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎటక్క నాకు సరిగ్గా టాటా కూడా చెప్పకుండా అటు పరిగెత్తింది. నా రైలు కదిలేలోపు ఆ అమ్మాయిని కూలీ ముందుకు తెచ్చి నిలబెట్టేసింది కూడా.

ఆ పిల్ల నీళ్ళు నములుతోంది. ఎటక్క కిందికి వంగి, లేని లేసుని రెండు చేతులా శ్రద్ధగా ముడి వేసుకుంటోంది. వంగినావిడ వంగినట్టే తలతిప్పి నన్ను చూసింది.

"ఒరేయ్! హాస్టలెటురా?"

కదిలే రైల్లోంచి సగం బయటికి వంగి, ప్లాట్‌ఫారమంతా తిరిగి చూసేలా వాళ్ళ భాషలో అరిచి చెప్పాను. "తిన్నగా రెండొందల అడుగులు! మధ్యలో ఐదుగురిని అడగండి!"