ఈదమ్మ పొగిడిన పిల్ల

షాద్‌నగర్ అవతల యేసు సభ ఫాదర్ల యూనివర్సిటీలో, ఆడపిల్లల మెస్సులో అన్నం వడ్డించే ఈదమ్మ గొంతెత్తితే జడ్చర్లలో బస్సులు ఆగేవి. ఏ పిల్ల రాత్రి ఏడ్చిందో, ఏ పిల్ల తల దువ్వుకోలేదో పళ్లెం ముందుకు చాచగానే పసిగట్టేది. "చదువొక్కటే కాదు, పిల్ల మొత్తాన్నీ చూసుకోవాలి" అని ఫాదర్ బెంజమిన్ ప్రతి మీటింగులో చెప్పేవాడు. ఆ మీటింగులు తనకోసమే పెడుతున్నారని ఈదమ్మ ఊరంతా చెప్పుకుంది.

ఆ ఏడు విభూది బుధవారం నాడు, ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసాలుండే తపస్సు కాలం మొదలైంది. ఫాదర్ నుదుట బూడిద పెడుతుంటే వరసలో పోచంపల్లి నవనీత కూడా నిలబడింది. మగ్గం నేసే లింగస్వామి కూతురు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి, డిగ్రీ ఆఖరి ఏడు. మర్నాటి నుంచి రెండు ముద్దలకు మించి వేయించుకోలేదు. నుదుట బూడిద, పళ్లెంలో రెండు ముద్దలు. ఇంకేం, ఉపవాసమేనని ఈదమ్మ తేల్చేసింది.

"సూడుండ్రే! గీ పిల్ల మంచినీళ్లు గూడ ముడుతలేదు. దేవదూతలే దిగొచ్చి మొక్కుతరు గీమెకు!" అని రోజూ మెస్సంతా వినేట్టు అరిచేది. ఆ రెండు ముద్దలూ ఈదమ్మ చెప్పే మాటల్లో సున్నా అయ్యాయి. ఫాదర్ చెవినా వేసింది. ఆయనా ఏమీ అడగలేదు, మురిసిపోయి దీవించాడు.

పద్దెనిమిదో రోజు నవనీత మెట్ల మీద కూలిపోయింది. కళ్లు పసుపు ముద్దలు. కామెర్లు బాగా ముదిరాయన్నారు దవాఖానలో. తొమ్మిది రోజులు ఈదమ్మ అక్కడి నేల మీదే పడుకుంది.

ప్రాణం నిలిచింది. కానీ లింగస్వామి పెట్టె సర్దించాడు.

"తీస్కపోకన్నా," గేటు దగ్గర ఈదమ్మ బతిమాలింది. "రెండు నెలలైతే సదువు ఒడుస్తది."

"పరీక్ష రాసేతందుకు గూడ పంప. ఏం జూసి పంపాలె అక్కా? పిల్ల మొత్తం మా బాధ్యతే అన్నడు మీ ఫాదరు. మొత్తమంటే అండ్ల కడుపు లేదా?"

పక్కనే ఉన్న ఫాదర్ తల దించుకున్నాడు.

"ఆయన తప్పు గాదన్నా, నాది. విభూది జూసి ఉపాసమనుకున్న."

"విభూది మా ఇంట్ల గూడ పెట్టుకుంటం. గంతమాత్రాన నలభై దినాలు ఉపాసముంటమా?"

ఈదమ్మ నవనీత వైపు తిరిగింది. "నాకన్న ఒక్క మాట జెప్పకపోతివి బిడ్డా?"

"అన్నం జూస్తేనే కక్కొస్తుండె అవ్వా. జెప్దామనే రోజు నీ ముంగటికొస్తుంటి. నువ్వేమో అందరి ముంగట గంతగనం పొగుడుతుంటివి. నాది ఉపాసం గాదు, రోగమని ఎట్ల జెప్పాలె?"

ఈదమ్మ పెట్టె ఎత్తి ఆటోలో పెట్టింది. ఆటో వెళ్లిపోయింది.

పరీక్షల్లో నవనీత బల్ల ఖాళీగానే ఉంది. ఇంట్లో తండ్రి మగ్గానికి నూలు సర్దుతూ ఆసు పోస్తోందని పోచంపల్లి పిల్ల ఒకతి ఈదమ్మకు చెప్పింది. ఆ కబురు ఈదమ్మ ఎవరికీ చెప్పలేదు.