తిట్లకొక భాష

సొంతూరు వాడిపట్టిలో వాకిలంతా గెంతిన పిల్లలను కోయంబత్తూరు నాలుగో అంతస్తులో మునివేళ్ల మీద నడిపించీ నడిపించీ శ్రీరంజనికి ఒళ్లు మండిపోతోంది. బంతి నేలకు తగిలితే చాలు, కింది ఫ్లాటామె చీపురు కర్రతో తన సీలింగును పొడుస్తుంది. శ్రీరంజని పళ్లు కొరుకుతుంది. ఎదురుపడితే మర్యాదంతా అరవంలో, గొణిగే తిట్లన్నీ ఇంటి తెలుగులో. ఇక్కడెవరికి అర్థమవుతుందిలే అన్న ధైర్యం.

ఇవాళ ఆ కిందామె కర్రతోనే తలుపు దగ్గరికి వచ్చింది. "మన్నిచ్చుక్కోంగ అక్కా" అని అరవంలో క్షమించమంటూ నవ్వుతూనే శ్రీరంజని, వెనక దాక్కున్న కొడుకు తొడ గిల్లి, "ఈ రాకాసికి చెవుడన్నా రాదు గదరా" అంది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

ఆమె కర్రను గోడకు ఆనించి, అదే ఇంటి తెలుగులో అంది:

"తిట్టేది నన్ను తిట్టు అమ్మణ్ణీ. బిడ్డను ఏంటికి గిల్లేది?"