కింది నుంచి వేసే ఫ్రీ త్రో

ఉదయం ఆరింటికల్లా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు అసిస్టెంట్ కోచ్ పద్నాలుగు బంతులకు గాలి కొట్టేసి ఉంటుంది. భుజం ఎత్తు నుంచి వదిలిన బంతి నడుము దాకా లేవాలి. లేవనిదాన్ని పక్కన పెడుతుంది. పదహారేళ్లుగా ఇదే పని. ఈలోగా ముగ్గురు హెడ్ కోచ్‌లు వచ్చారు, ఇద్దరు వెళ్లారు. ముగ్గురిలో ఒక్కరికీ బెణికిన చీలమండకు కట్టు కట్టడం రాదు.

ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించాలంటే హెడ్ కోచ్ రిపోర్టు బాగుండాలి.

భర్త సిటీ బస్సు డ్రైవరు. "నేనూ ఇన్నేళ్లుగా బండి తోలుతున్నా. నన్నెవరూ అసిస్టెంట్ డ్రైవరనలేదే! నీకా తోక ఎప్పుడు ఊడుతుంది?" అంటాడు.

"తోకతో పాటు ఉద్యోగమూ ఊడేలా ఉంది. ముందా కంచం ఇటివ్వు."

నిరుడు నిజంగానే ఊడేంత పనైంది. కారణం ఆరడుగుల అమ్మాయి ఒకతె. జట్టులో అందరూ ఆమెను నిచ్చెన అంటారు. బుట్ట కింద ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకని అవతలి జట్లు కావాలనే చెయ్యి పట్టి లాగేవి. అలా ఫౌల్ చేసినప్పుడు ఆమె గీత దగ్గర నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా రెండు ఫ్రీ త్రోలు వెయ్యాలి. పదింట నాలుగు పడితే గొప్ప. చిన్నప్పుడు విరిగి సరిగా అతకని కుడి మణికట్టు వెనక్కి పూర్తిగా వంగదు. హెడ్ కోచ్ ఆ మాట చెవిన పెట్టలేదు. ప్రాక్టీసు చాలడం లేదని తేల్చి, ఆమెను బెంచీకి పరిమితం చేశాడు.

ఒకరోజు అందరూ వెళ్లాక అసిస్టెంట్ కోచ్ ఆ అమ్మాయిని ఆపింది. బంతిని రెండు చేతులతో మోకాళ్ల మధ్యకు దించి, అక్కణ్నుంచి పైకి ఊపి వదలమంది. ఇందులో మణికట్టుతో పెద్దగా పనిలేదు.

"మేడమ్, బకెట్ ఎత్తినట్టుంది. నవ్వుతారు."

"నవ్వనీ. ఇప్పుడు ఏడుస్తున్నది నువ్వేగా?"

రోజుకు రెండు వందల చొప్పున మూడు నెలలు వేయించింది. పదింట ఏడు పడసాగాయి. ఒకరోజు హెడ్ కోచ్ కంటబడింది. అసిస్టెంట్ కోచ్‌కంటే పదేళ్లు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"ఏంటి మేడమ్ ఇది? కాలేజీ పరువు తీస్తారా?"

"రూల్స్‌లో వద్దని ఉందా సార్?"

"రూల్స్ సంగతి కాదు, చూడ్డానికి బాలేదు."

"అయితే స్కోరుబోర్డు చూడండి సార్, బాగుంటుంది."

"ఇవాళ్టితో మానేయండి. మీ రిపోర్టు రాసేది నేనే, మర్చిపోకండి."

ఆమె మర్చిపోలేదు. మర్నాడూ రెండు వందలు వేయించింది.

కాలేజీల టోర్నీ ఫైనల్ మూడో క్వార్టర్లో జట్టులోని ఇంకో పొడగరి ఐదో ఫౌల్ చేసి, ఇక ఆడే వీల్లేక బయటికొచ్చింది. హెడ్ కోచ్ గత్యంతరం లేక నిచ్చెనను కోర్టులోకి దించాడు. మొదటి ఫ్రీ త్రోకే "పైనుంచి వెయ్యి!" అని కేకేశాడు. అమ్మాయి బెంచీ వైపు చూసింది. అసిస్టెంట్ కోచ్ కూర్చున్న చోటే, ఆయన చూస్తుండగానే, రెండు చేతులూ మోకాళ్ల మధ్యకు దించింది.

గ్యాలరీ గొల్లుమంది.

"అక్కా, బకెట్ నిండిందా?"

"కుళాయి కట్టెయ్యవే తల్లీ!"

పద్నాలుగు త్రోలకూ అలాగే అరిచారు. పదకొండు పడ్డాయి. మ్యాచ్ మాత్రం నాలుగు పాయింట్ల తేడాతో పోయింది.

తిరుగు ప్రయాణంలో హెడ్ కోచ్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "సంతోషమేనా మేడమ్? ఓడించారు," అన్నాడు.

"తను తప్పింది మూడే సార్. అవీ పడుంటే ఒక్క పాయింటుతో ఓడేవాళ్లం. ఆ ఒక్క పాయింటూ మొదటి సగమంతా బెంచీ మీదే కూర్చుంది."

రిపోర్టులో ఆయన ఒకే వాక్యం రాశాడు: 'హెడ్ కోచ్ మాట వినదు.' దాని కింద ఉద్యోగి అభిప్రాయానికి నాలుగు గీతలుంటాయి. ఆమె ఏటా ఖాళీగా వదిలేసి సంతకం పెట్టేది. ఈసారి రాసింది: 'నిజమే. ఈ విషయంలో ఇకముందూ వినను.'

ప్రిన్సిపాల్ ఆమెను గదికి పిలిచి, కాగితం ముందుకు తోసింది. "ఇది కొట్టేసి, పొరపాటైందని రాయమ్మా. ఏడాదికి సంతకం పెట్టేస్తాను."

"పొరపాటు జరగలేదండీ."

ప్రిన్సిపాల్ 'ఏడాది' కొట్టేసి, ఆరు నెలలకే పొడిగించింది. సంగతి విన్న భర్త, "అంటే ఇప్పుడు నువ్వు అర అసిస్టెంటువా?" అన్నాడు. ఆమె మర్నాటి ప్రాక్టీసుకు పిల్లల్ని అరగంట ముందు రమ్మని ఫోన్లు చేస్తూ కూర్చుంది.

ఆ ఆరు నెలల్లో నాలుగు గడిచాయి. హెడ్ కోచ్ ఇప్పుడు నిచ్చెనను ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి నిమిషం నుంచే ఆడిస్తున్నాడు. జట్టులో మరో ఇద్దరు అడిగి మరీ కింది నుంచి వేయడం నేర్చుకున్నారు. గ్యాలరీ ఇంకా అరుస్తూనే ఉంది. ఈ సీజన్లో నిచ్చెన వేసిన ఫ్రీ త్రోలు తొంభై ఆరు, పడినవి డెబ్బై ఒకటి.