జ్వరంలో ఉన్న ఆసియా

ప్రపంచం ఇంకా ఫోనులోకి దిగని రోజుల్లో మా హైస్కూలుకు ఆసియా ఖండం ఒక్కటే ఉండేది. కర్రలు ఊడిపోయిన పెద్ద కాగితం పటం అది. కన్నడ రాష్ట్రంలో ఉన్నా ఇళ్లలో తెలుగు మాట్లాడే వైపు మాది. చింతామణిలో బీకాం చదివి, సాదలి దగ్గర ఆ స్కూల్లో గెస్ట్ టీచరుగా చేరిన నాకు భూగోళం అప్పగించారు. (ఎందుకని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.) సోమవారం బ్లాకు విద్యాధికారి బీఈఓ సార్ తనిఖీకి వస్తారని తెలియగానే హెడ్మాస్టరు నన్ను పిలిచి, "గోడ మీద పటం ఉండాల, దాని ముందర నువ్వుండాల. రెండిట్లో ఏది లేకున్నా వచ్చే నెల నుంచి నువ్వు రానక్కర్లేదప్పా" అన్నారు. దేశాలన్నీ బట్టీ పట్టాలని శనివారం పటాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం బాగేపల్లిలో ఒక పెళ్లి భోజనం తగిలింది. ఖండం ఒక పూటలో అయిపోతుందనుకుని వెళ్లి, సోమవారం పొద్దున తిరిగొచ్చాను.

"అమ్మా, పటం యాడ?"

"తట్టలో పరిచినాను. పాత పేపర్లు అయిపోయినాయి."

పట్టుపురుగుల గదిలోకి తొంగి చూస్తే, సైబీరియా నుంచి సింహళం దాకా పురుగులే. తలలెత్తి, కదలకుండా ఉన్నాయి. పట్టుపురుగు పొర విడిచే ముందు ఒక రోజు మేత మాని అలా ఉండిపోతుంది. మా వైపు దాన్ని జ్వరమంటారు. అప్పుడు తట్టను ఎవరూ ముట్టుకోకూడదు.

"మూడో జొరంలో ఉండాయి. రేపు తీసుకోపో."

"ఈపొద్దే తనిఖీ మా. పటం లేకుంటే నా పని పోతాది."

"నీది పోతే ఇంకోటి చూసుకుంటావు. ఇవి పోతే యాడ చూసుకుంటాయప్పా?"

పురుగుల సందుల్లో కనబడినంత ఆసియాను చూసుకుని వెళ్లి, నల్లబోర్డు మీద చాక్‌పీసుతో గీశాను. అరేబియా ఫరవాలేదు. అభిమానం కొద్దీ భారతదేశం రష్యాకు సమానమైంది. బీఈఓ సార్ చాలాసేపు చూసి, జపాన్ ఎక్కడని కన్నడంలో అడిగారు. నేను చూసినప్పుడు అక్కడ నాలుగు పురుగులు ఉన్నాయి. నోట్లోంచి నిజమే వచ్చింది, అదీ తెలుగులో.

"జొరంలో ఉండాది సార్."

హెడ్మాస్టరు కళ్లు మూసుకున్నారు. బీఈఓ సార్ మాత్రం కన్నడం వదిలేశారు. (ఆయనది ఇంటింటా పట్టుపురుగులు పెంచే జంగమకోటె అని తర్వాత తెలిసింది.)

"ఎన్నో జొరం?"

"మూడోది సార్. పటం పురుగుల కింద ఉండాది. మా అమ్మ కదిలించనీలేదు."

"మంచి పని చేసింది. నువ్వు పోయి కదిలించొద్దు" అని, రిపోర్టులో 'పటం ఉన్నది' అని రాసుకుని వెళ్లిపోయారు. నా ఉద్యోగం కూడా ఉన్నది.

జ్వరం దిగాక పటం తిరిగొచ్చింది, మంగోలియా నడుమ తట్టలోని ఆకు పసరు అంటిన గుండ్రటి మరకతో. పిల్లలు దాన్ని సరస్సు అనుకున్నారు. పరీక్షలో ఒకమ్మాయి అలాగే రాస్తే మార్కు వేశాను. నాకూ గట్టిగా తెలియదు మరి.

ఇప్పుడు ఫోనులో రెండు వేళ్లతో ఆసియాను ఎంతైనా సాగదీయవచ్చు. అప్పుడప్పుడు చూస్తుంటాను. జపాన్ కోలుకుంది. మంగోలియాలో ఆ సరస్సును మాత్రం ఎవరో తీసేశారు.