ఒమన్‌లో జనాజా, చేవెళ్ళలో నమాజ్

కరోనా తగ్గిన మరుసటి ఏడు. అప్పటికి మొయినాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో ఆడవాళ్ళకు ఖురాన్ చదవడం, నమాజ్ చేయడం నేర్పడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. అందరూ నన్ను ఉస్తానీమా అంటారు, పాఠం చెప్పే అమ్మ అని. పిల్లలూ, "దాదీ, నువ్వు చేసే పనేంటి?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. మీ విశాఖ బడిలో ఉర్దూ లేదు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. నిదానంగా చదవండి.

నా పనిలో ఎక్కువ భాగం మసలాలు. మసలా అంటే, మన దీన్, అంటే మన మతం ప్రకారం ఇలా చేయవచ్చా, చేయకూడదా అనే సందేహం. రోజా ఉపవాసంలో ఉండి కూరలో ఉప్పు చూడవచ్చా? చేతికి గోరింటాకు పండి ఉంటే వజూ, అంటే నమాజ్‌కు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కోవడం, అవుతుందా? తెలిసింది చెబుతాను. తెలియనిది మా మసీదు ఇమామ్ సాబ్‌ను అడిగి చెబుతాను.

ఒక పొద్దున చేవెళ్ళ నుంచి ఖాజాబీ ఫోన్ చేసింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న మనిషే. గొంతు పెద్దది, మనసు వెన్న.

"ఉస్తానీమా, జల్ది రా! నా కోడలు బ్యాగు సర్దుకున్నది."

"ఏమైందే? కొట్లాడినవా?"

"నేనెందుకు కొట్లాడుత? వాళ్ళ నానా పోయిండు. నమాజ్ చదువుతనంటది. మనల గట్ల లేదంటె బర్కస్ పోతనంటది. ఎనిమిదో నెల! బీపీ ఉన్నది, కదలొద్దని డాక్టరమ్మ చెప్పె. నువ్వొచ్చి చెప్తేనే ఇంటది."

కోడలి పేరు హబీబా. హైదరాబాద్‌లో బర్కస్ అనే చోట, నిజాం కాలంలో అరబ్ దేశాల నుంచి వచ్చిన వాళ్ళ కుటుంబాలు ఉంటాయి. ఆ పిల్ల అక్కడిదే. తల్లి లేని ఆ పిల్లను నానా, అంటే తల్లి తండ్రి అయిన సాలెహ్ నానాయే పెంచాడు. ఒమన్‌లో ఉన్న కొడుకును చూసి రావడానికి వెళ్ళి, ఆ తెల్లవారుజామున అక్కడే కన్నుమూశాడు. దఫన్, అంటే ఖననం కూడా అక్కడేనట. బర్కస్ మసీదులో ఆ సాయంత్రం ఆయన కోసం గాయబానా నమాజ్ ఉందట. అంటే, మయ్యత్ (చనిపోయినవారి దేహం) ఎదురుగా లేకుండా దూరం నుంచి చదివే జనాజా నమాజ్.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన దీన్‌లో నమాజ్ పద్ధతులు కొన్ని ఉన్నాయి, వాటిలో మనం హనఫీలం. మన పద్ధతిలో మయ్యత్ ముందు ఉంటేనే జనాజా నమాజ్. బర్కస్‌వాళ్ళు షాఫయీలు. దూరదేశంలో పోయినవారికి ఇక్కడి నుంచే చదవవచ్చంటారు. మన ప్రవక్త మదీనాలో ఉండి, హబషా (ఇథియోపియా) దేశంలో పోయిన రాజు నజాషీ కోసం ఆ నమాజ్ చేయించారు. ఆ సంగతి అందరూ ఒప్పుకుంటారు. అది ఆయనకు మాత్రమే ప్రత్యేకమని మనవాళ్ళు అంటారు, అందరికీ దారేనని వాళ్ళు అంటారు.

నేను ఆటో దిగేసరికి హబీబా బురఖా వేసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. కళ్ళు ఉబ్బిపోయాయి. వాకిట్లో పడమటి వైపు ఒక స్టూల్ మీద తెల్లదుప్పటి పరిచి ఉంది. దాని మీద చెంబుకు ఆనించి సెల్‌ఫోన్. ఖాజాబీ భర్త చాంద్ పాషా దాన్ని అటూ ఇటూ సర్దుతున్నాడు.

"ఇగో ఉస్తానీమా, అత్తాకోడళ్ళ పంచాయతీ తెంపిన! ఒమన్ల జనాజా వీడియో కాల్‌ల వస్తది. మయ్యత్ ముందర ఉన్నట్టే గదా? హనఫీ అయిపాయె, షాఫయీ అయిపాయె!"

"నడుమల నెట్‌వర్క్ పోతె ఏం జేస్తవ్?" అంది ఖాజాబీ. "నమాజ్‌ల నిలబడి రీఛార్జ్ జేస్తవా?"

ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది. మళ్ళీ తాత గుర్తొచ్చి బురఖా అంచు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఫోన్‌లో మయ్యత్‌ను చూసి నమాజ్ చదివే సంగతి నేనెప్పుడూ వినలేదు. వెంటనే ఇమామ్ సాబ్‌కు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్‌లో పెట్టాను. సంగతంతా విని ఆయన మెల్లగా నవ్వారు.

"చాంద్ పాషా, ఫోన్‌ల బొమ్మ కనబడితె మయ్యత్ ముందర ఉన్నట్టు గాదు. మన హనఫీలకు అది చెల్లదు. ఇంతకూ నమాజ్ చదివేది ఎవరు? నువ్వా, కోడలా?"

"కోడలు, ఇమామ్ సాబ్."

"ఆమె షాఫయీ గదా. ఆమెకు ఫోన్ ఎందుకు? అక్కడ మయ్యత్‌కు గుసుల్ స్నానం అయినంక, కిబ్లా దిక్కు, పడమటికి తిరిగి నిలబడి ఒక్కతే చదువుకున్నా అయితది. బర్కస్ దాక పోవుడు గూడ అక్కర లేదు."

ఖాజాబీ ఫోన్ దగ్గరికి వంగింది. "మా ఇంట్ల చదివితె మాకు గునా గాదా?"

"ఆమె తొవ్వల ఆమె నడిస్తె నీకు పాపం ఎందుకొస్తది, బేటీ? నువ్వు ఎనుక కూసోని దువా చెయ్యి, అల్లాను వేడుకో. దువా చేసుటానికి మయ్యత్ ముందర ఉండాల్నా?"

హబీబా అత్త వైపు తిరిగింది. ఆమె ఉర్దూలో అన్నది మీకు తెలుగులో రాస్తున్నాను. "అమ్మీ, మీరు సరే అంటె ఈడనే చదువుకుంట. ఎటూ పోను."

"అనకపోతె ఏం జేస్త?" అంటూ ఖాజాబీ లేచింది. "ఆ బ్యాగు ఇటియ్యి. వజూకు నీళ్ళు నేను తెస్త, నువ్వు వంగకు."

ఒమన్‌లో స్నానం చేయించారని కబురొచ్చాక, ఖాజాబీయే స్టూల్ తీసేసి ఆ చోట జానిమాజ్, అంటే నమాజ్ చాప పరిచింది. జనాజా నమాజ్‌లో వంగడం, సజ్దా చేయడం, అంటే నుదురు నేలకు ఆనించడం ఉండవు. నిలబడే నాలుగుసార్లు 'అల్లాహు అక్బర్' అని తక్బీర్ చెప్పాలి. ఆ కడుపుతో ఆ పిల్లకు అది తేలికే అయింది. తక్బీర్ చెప్పినప్పుడల్లా హబీబా చేతులు ఎత్తింది. మనం మొదటిసారి మాత్రమే ఎత్తుతాం. నా పక్కన కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుతున్న ఖాజాబీ నా చెవిలో, "మల్ల ఎత్తుతున్నది!" అంది. "వాళ్ళది గంతే, నువ్వు దువా చెయ్యి," అన్నాను.

సలాం తిప్పి నమాజ్ ముగించి ఇటు తిరిగిన పిల్ల మొహం చూడాల్సింది. పొద్దుటి నుంచి మోస్తున్న బరువు దించినట్టుంది. అన్నం తింటూ తానే తాత కబుర్లు మొదలుపెట్టింది. తన పెళ్ళిలో మర్ఫా డప్పు మోగగానే సాలెహ్ నానా చాంద్ పాషాను చెయ్యి పట్టి లాగి ఆడించాడట. చాంద్ పాషా షేర్వానీ గుండీ తెగి ఎగిరి దాల్చా కూర గిన్నెలో పడిందట.

"ఆ గుండీ ఎవరికొచ్చింది మరి?" అన్నాను.

"ఇగో, నాకే!" అంది ఖాజాబీ. "బొక్క అనుకోని నమిలిన!"

ఆ ఇంట్లో నవ్వులు వీధిలోకి వినబడ్డాయి. తర్వాతి నెల చేవెళ్ళ దవాఖానలోనే హబీబాకు సుఖంగా కాన్పు అయింది.

ఆ రోజు నన్ను ఆటో ఎక్కించడానికి వచ్చిన ఖాజాబీ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఉస్తానీమా, ఒక మసలా. నేను పోయినప్పుడు గీ పిల్ల బర్కస్‌ల ఉంటె, ఆడికెంచే నా మీద గూడ నమాజ్ చదువచ్చా?"

"మనల గట్ల లేదంటివి గదనే!"

"మనల లేకపోతె ఏంది, ఆమెకున్నది గదా. నా జనాజా ముందర మనోళ్ళు చదువనీ, ఆడ నా కోడలు చదువనీ. వచ్చే దువా ఎందుకు పోగొట్టుకోవాలె?"

ఆటోలో మొయినాబాద్ దాకా నవ్వుకుంటూనే వచ్చాను. అప్పటి నుంచి ఏ కోడలు మసలా అడగడానికి వచ్చినా, జవాబు చెప్పే ముందు ఆమెను కూర్చోబెట్టి, "మీ పుట్టింట్లో ఎట్ల చేస్తరు బిడ్డా?" అని అడుగుతున్నాను.